నిలబడి పెట్టే సంతకం

పోయిన వారం కత్తెరమ్మని బ్యాంకులో నిలబెట్టి వదిలేశాను. చేతిలో అరవై ఒకటో నంబరు టోకెను, చంకలో కాగితాల సంచి, గొంతులో మింగుడుపడని కోపం. వారం రోజులుగా పాపం అలాగే నిలబడి ఉంది. కాళ్లు లాగుతుంటాయి, ముందు ఆవిణ్ని కూర్చోబెడదాం. కూర్చోబెట్టడమే తప్పయిందని తర్వాత తెలుస్తుంది లెండి.

ఈ వారమే కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు ముక్కలు. కత్తెరమ్మ పదకొండేళ్ల కిందట పెనిమిటితో కలిసి పరాయి దేశం వచ్చింది. నాటకాలవాళ్లకి కోట్లు కుడుతుంది. పెనిమిటి వాటిని ఇస్త్రీ చేసి, మడతపెట్టి, పెట్టెల్లో సర్దుతాడు. ఆయన నోరు రోజుకి రెండుసార్లు తెరుచుకుంటుంది, ఒకసారి అన్నానికి, ఒకసారి ఆవలింతకి. పెనిమిటికి ఒక అన్నగారున్నాడు, పెద్దాయన అంటారు అందరూ. వీళ్లకంటే ముందే ఆ దేశం చేరినవాడు. ఆయన భార్య, దేశదేశాలవాళ్లు దిగి వెళ్తూ వెళ్తూ దిండు మీద టిప్పు పెట్టిపోయే ఒక హోటల్లో గదులు సర్దే పని చేస్తుంది. పెద్దాయన మాత్రం ఊరికే పెద్దరికం చేస్తాడు. బయటి దేశాల నుంచి కత్తెరమ్మ కుట్టిన కోట్లకి వచ్చే డబ్బంతా ఆయన ఖాతాలో పడాలి, ఆయన దాన్ని స్థానిక డబ్బులోకి మార్చి మరదలి చేతిలో పెట్టాలి. అదీ ఇన్నాళ్ల ఏర్పాటు.

ఇప్పుడు సముద్రానికి అవతల ఒక నాటక కంపెనీ నలభై కోట్లు కుట్టిపెట్టమని అడిగింది. సగం డబ్బు ముందే ఇస్తానంది. షరతొక్కటే. డబ్బు వాళ్ల కరెన్సీలోనే పంపుతారు, ఆ కరెన్సీనే దాచే ఖాతా ఉండాలి, అది కుట్టే మనిషి సొంత పేరు మీద ఉండాలి. ఇవాళ సాయంత్రం నాలుగింటికల్లా ఖాతా నంబరు అందకపోతే పని ఇంకో దర్జీకి పోతుంది. అంటే కత్తెరమ్మ తన దేశం కాని దేశంలో కూర్చుని, ఆ దేశానిది కూడా కాని డబ్బుకి గూడు కట్టాలన్నమాట. ఆ గూడు కడితే కుట్టుగది అద్దె కాగితం తన పేరు మీదికి మారుతుంది, ఇంకో రెండు మిషన్లు వస్తాయి. కట్టలేకపోతే జీవితాంతం పెద్దాయన చెయ్యి విదిల్చే వరకూ చూస్తూ కూర్చోవాలి.

కోపం ఎందుకంటారా? బ్యాంకు గోడ మీద ఏ కరెన్సీ ఎంతకి మారుతుందో చూపించే ఎర్రంకెల బోర్డుంది. టోకెను పట్టుకుని అరగంట సేపు ఆ బోర్డు చూసింది. పెద్దాయన పదకొండేళ్లుగా తనకిచ్చిన రేటు అందులో ఎక్కడా లేదు. అక్కడే పోయిన వారం ఆపాను.

అరవై ఒకటి వెలిగింది. కత్తెరమ్మ వెళ్లి మూడో కౌంటర్ ముందు కుర్చీలో కూర్చుంది. పెనిమిటి తలుపు పక్క బల్ల మీద, ఒళ్లో నమూనా కోటు పెట్టెతో, గోడకి మేకు కొట్టినట్టు కూర్చున్నాడు. గడియారం రెండుంపావు.

కౌంటర్ వెనక ముప్పై ఏళ్ల అమ్మాయి. కత్తెరమ్మ ఆమె మొహం చూడలేదు, కోటు చూసింది. ఎడమ భుజం అరంగుళం కిందికి జారింది. ఈ చూపు గురించి మీకు చెప్పాలి. ఒకసారి మెట్లెక్కుతున్న మనిషి చెప్పుల చప్పుడు విని, తలుపు తియ్యకుండానే నడుము కొలత చెప్పింది. ముప్పై ఆరు అంది. టేపు పెడితే ముప్పై ఏడొచ్చింది. అడిగితే ఆయన ఇప్పుడే భోంచేసి వచ్చానన్నాడు. నమ్మితే నమ్మండి.

వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది ఆ దేశపు భాషలోనే. మీ కోసం మన మాటలో పెడుతున్నాను.

"ఏ కరెన్సీలో ఖాతా కావాలండీ?" అంది బ్యాంకమ్మాయి.

కత్తెరమ్మ నాటక కంపెనీ ఉత్తరం ముందు పెట్టింది. "వాళ్ల డబ్బులోనే. వచ్చింది వచ్చినట్టే ఉండాలి. నేను చెప్పేదాకా మార్చకూడదు."

"రేటు పెరిగాక మార్చుకుంటారా?"

"అసలు మార్చను. కోటు గుడ్డ ఆ దేశం నుంచే కొంటాను. వాళ్ల డబ్బు వాళ్లకే ఇస్తే మధ్యలో ఎవరూ గీక్కోవడానికుండదు."

బ్యాంకమ్మాయి తలెత్తి చూసింది. పాస్‌పోర్టు, నివాస పత్రం, గది అద్దె ఉత్తరం, కుట్టుపని లైసెన్సు, నాటక కంపెనీ ఒప్పందం, ఒక్కొక్కటే అడగబోతుంటే అడక్కముందే ఒక్కొక్కటీ సంచిలోంచి వచ్చాయి.

"ఇంత సర్దుగా తెచ్చినవాళ్లని ఈ నెలలో చూడలేదండీ."

"కత్తిరించే ముందు ముక్కలన్నీ వరసలో పెట్టుకోకపోతే చేతులు మూడొస్తాయమ్మా."

నవ్వుతూ ఫారం తిప్పి ఇచ్చింది బ్యాంకమ్మాయి. "కింద సంతకం పెట్టండి."

కత్తెరమ్మ కలం తీసుకుంది. కాగితం చటుక్కున బోర్లా తిప్పింది. వెనక వైపు, మధ్యలో, సంతకం పెట్టేసింది.

"అయ్యో! వెనక పెట్టారేంటండీ?"

"ముందు వైపు గీస్తే మరక..." అనబోయి నాలిక్కరుచుకుంది. పదకొండేళ్లుగా గుడ్డకి లోపలి వైపే గీతలు గీసిన చెయ్యి. దానికి కాగితమేంటి, గుడ్డేంటి? బ్యాంకు ఫారాన్ని కూడా లైనింగు కింద జమకట్టింది.

రెండో ఫారం వచ్చింది. ఈసారి కాగితం తిప్పకుండా ఎడమ చేత్తో పట్టుకుని, కుర్చీలో ముందుకి వంగి, అగ్గిపెట్టెంత గడిలో సంతకం ఇరికించింది. ముడుచుకుపోయిన గొంగళిపురుగులా వచ్చింది.

బ్యాంకమ్మాయి కంప్యూటర్ తెర చూసింది, ఫారం చూసింది, మళ్లీ తెర చూసింది. "మా దగ్గరున్న మీ సంతకంతో కలవట్లేదండీ."

ఇక్కడికొచ్చిన కొత్తలో ఇదే బ్యాంకులో మామూలు ఖాతా ఒకటి తెరిచింది కత్తెరమ్మ. అప్పుడు ఏం గీశానో ఏమో అనుకుంది. "ఇంకోసారి పెడతాను."

ఈసారి గొంగళిపురుగుకి కాళ్లొచ్చాయి.

"ఇది ముందుదానితో కూడా కలవట్లేదు. ఏమనుకోకండి, వెనక పెట్టినదాంతో కలిపి మూడు సంతకాలు పెట్టారు. ముగ్గురు మనుషులు పెట్టినట్టున్నాయి. సంతకం కుదరకపోతే ఖాతా తెరవలేను. మూడింటికి కొత్త ఖాతాల పని ఆపేస్తాం కూడా."

సరిగ్గా ఆ సమయానికి వెనక నుంచి సెంటు వాసన ముందుగా, మనిషి తర్వాత వచ్చాయి.

"ఏంటమ్మాయ్, మాట మాత్రమైనా చెప్పకుండా వచ్చేశావు?" పెద్దాయన. పక్క కౌంటర్ దగ్గరి కుర్చీని అడక్కుండా లాక్కుని కూర్చున్నాడు.

"మీకెవరు చెప్పారు బావగారూ?"

"తమ్ముడికి ఫోన్ చేశా. గదిలోనే ఉన్నామన్నాడు. వెనక టోకెన్ల గంట మోగుతోంది. వాడికి అబద్ధం ఆడటం చేతకాదు కదా!" తలుపు వైపు చూసి చెయ్యూపాడు. పెనిమిటి పెట్టె మూత మీది దుమ్ము తుడవసాగాడు. దాని మీద దుమ్ము లేదు.

పెద్దాయన బ్యాంకమ్మాయి వైపు తిరిగి, పళ్లన్నీ కనపడేలా నవ్వి, సంగతి కనుక్కున్నాడు. సంతకం తేడా అని తెలియగానే ఆయన నవ్వు ఇంకో రెండు పళ్లు వెడల్పయింది.

"ఇంతేనా? దీనికో చక్కటి దారుంది. ఇద్దరి పేర్ల మీద తెరవండి. మొదటి పేరు మా మరదలిదే, రెండోది నాది. సంతకం అధికారం నాకు రాయండి. నా సంతకం ఇరవై ఏళ్లుగా మీ దగ్గరుంది, చీమ తలంత కూడా మారలేదు."

"ఆవిడ ఒప్పుకుంటే కుదురుతుందండీ" అంది బ్యాంకమ్మాయి, కత్తెరమ్మని చూస్తూ.

పెద్దాయన మన మాటలోకి దిగాడు. "ఒప్పుకోమ్మా. టైము చూడు, రెండూ నలభై. నలభై కోట్లు పోతాయి. అయినా నీకెందుకీ తలనొప్పి? నా ఖాతా ఉందిగా ఇన్నాళ్లూ!"

"మీ ఖాతాకి ఆ తలనొప్పి తగ్గిద్దామనే వచ్చాను."

"వెటకారాలొద్దు. డబ్బు మార్చడమంటే గుండీలు కుట్టడం కాదు. అటూ ఇటూ ఎన్ని ఖర్చులుంటాయో తెలుసా?"

"తెలీదు. అందుకే ఇందాక అరగంట సేపు ఆ బోర్డు చూశాను. మీరు నాకిచ్చిన రేటు ఏ వరసలో ఉందో కాస్త చూపిస్తారా? నా కళ్లకి ఆనడం లేదు."

పెద్దాయన బోర్డు వైపు చూడలేదు. చూడనక్కర్లేని మనిషి చూడకపోవడం వేరు, చూడలేని మనిషి చూడకపోవడం వేరు. మెడ నరం చూస్తే తెలిసిపోతుంది.

"ఇంటి సంగతులు బయటివాళ్ల ముందు మాట్లాడతారా?"

"ఈ అమ్మాయికి మన మాట రాదు కదా! అందుకే చెప్తున్నాను, వినండి. నా కోసం ఊరంతా తిరిగారు, పార్శిళ్లు పంపారు, కాదనను. మీ కమిషనెంతో నోటితో చెప్పండి, ప్రతి కోటుకీ లెక్కగట్టి ఇస్తాను. చెప్పకుండా తీసుకుంటే దానికి వేరే పేరుంది. మీరు పెద్దవారు, నేననను."

ఇంతసేపూ ఆ మాటలు కూర్చునే అన్నది. చివరి మాటకి లేచి నిలబడింది. నిలబడగానే కుడిచెయ్యి తేలికైంది. భుజం దిగింది. కౌంటర్ మీదున్న కలం దానంతటదే వేళ్ల మధ్య కుదురుకుంది. కత్తెరమ్మ ఒక్క క్షణం తన చెయ్యి చూసుకుంది. తర్వాత కుర్చీ చూసింది. ఆ తర్వాత ఫకాలున నవ్వింది.

"అమ్మాయీ, తప్పంతా మీ కుర్చీది."

"నా కుర్చీదా?"

"నేను కూర్చుని సంతకం పెట్టగా ఎప్పుడూ చూడలేదు. నేనే చూడలేదు!"

సంచిలోంచి నల్లటి గుడ్డముక్క తీసింది, నడుముకి కట్టుకున్న చిన్న తిత్తిలోంచి దర్జీల సుద్దబిళ్ల తీసింది. గుడ్డ కౌంటర్ మీద పరిచి, ఎడమ అరచెయ్యి చాపి అదిమి, భుజం నుంచి చెయ్యి జార్చింది. సంతకం పైనుంచి కిందికి దిగి, కాలరు తిరిగినట్టు వంపు తిరిగి, చివర్న పొడుగ్గా సాగింది. దాని కింద ఇంకోటి. దాని కింద ఇంకోటి. నాలుగు పెట్టింది.

బ్యాంకమ్మాయి కుర్చీలోంచి లేచి ముందుకి వంగింది. నాలుగూ ఒక్కటే. ఒకదాని మీద ఒకటి పెట్టి కత్తిరిస్తే ఒక్క పోగు మిగలదు.

"కుట్టిన ప్రతి కోటుకీ లైనింగు వేసే ముందు లోపల ఇలా పెడతాను. నిలబడి, బల్ల మీద. పదకొండేళ్లలో ఎన్ని కోట్లో నాకే తెలీదు. ఒక్కటి తేడా వచ్చినా నా కోటు కాదని చెప్పేస్తాను."

"కానీ సుద్దతో కుదరదండీ, ఇంకుతోనే పెట్టాలి."

"ఇంకే ఇవ్వమ్మా, ఇంకు మీద నాకేం పగలేదు. కుర్చీ మాత్రం పక్కకి జరుపుతాను."

నిలబడి, ఫారాన్ని అరచేత్తో అదిమి పెట్టింది. సంతకం అద్భుతంగా వచ్చింది. గడి దాటి, పక్క గడి దాటి, బ్యాంకు వాళ్లు తమ కోసం ఉంచుకున్న చోటు కూడా సగం ఆక్రమించింది.

"గడి చిన్నది" అంది కత్తెరమ్మ నెమ్మదిగా, కొలత తప్పింది నాది కాదన్నట్టు.

బ్యాంకమ్మాయి సొరుగు తీసి వెతికి, అరచేయంత గడి ఉన్న కార్డు బయటికి తీసింది. "ఇది కంపెనీలకిచ్చేదండీ."

"మరి నాదేంటనుకున్నావు?"

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "ఎన్ని పెడితే ఏం లాభమమ్మా? మీ తెర మీద ఉన్నదాంతో కలిస్తేనే కదా!"

నిజమే. బ్యాంకమ్మాయి మొహం మళ్లీ ముడుచుకుంది. తెర మీద ఉన్న సంతకం ఇలా లేదు. గడియారం రెండూ నలభై ఎనిమిది.

"పాస్‌పోర్టులో సంతకం ఉంటుందిగా?" అంది కత్తెరమ్మ.

బ్యాంకమ్మాయి గబగబా పేజీలు తిప్పింది. ఫోటో కింద, పైనుంచి దిగి, కాలరులా తిరిగి, చివర సాగి, అదే సంతకం.

"ఇదెలా కుదిరింది?"

"పాస్‌పోర్టు ఆఫీసులో కుర్చీల్లేవమ్మా."

ఇద్దరు ఆడవాళ్లూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. ఆయన పళ్లు ఒక్కొక్కటే లోపలికి వెళ్లిపోయాయి.

పాస్‌పోర్టుతో సరిపోతే మేనేజరు సంతకంతో నమూనా మార్చుకోవచ్చట. బ్యాంకమ్మాయి కాగితాలు తీసుకుని అద్దాల గదిలోకి పరిగెత్తింది. ఆ ఐదు నిమిషాలూ పెద్దాయన తన శాయశక్తులా ప్రయత్నించాడు. తమ్ముడి ముద్దు ముచ్చట్లు చెప్పాడు, మొదటి చలికాలంలో తనిచ్చిన దుప్పటి గుర్తుచేశాడు, తన గుండె బలహీనమన్నాడు.

"దుప్పటి మర్చిపోలేదు బావగారూ. గుండె సంగతి డాక్టరుకి చూపిద్దాం, నేనే తీసుకెళ్తాను" అంది కత్తెరమ్మ. "ఖాతా మాత్రం నాదే."

రెండూ యాభై ఆరుకి బ్యాంకమ్మాయి తిరిగొచ్చింది. చేతిలో కార్డు, దాని మీద ముద్ర, ముద్ర కింద పొడవాటి నంబరు.

కత్తెరమ్మ ఆ నంబరుని సూదిలో దారం ఎక్కించేటప్పుడు చూసినట్టు చూసింది. ఫోను తీసి ఒక్కో అంకె నొక్కింది, రెండుసార్లు సరిచూసుకుంది, నాటక కంపెనీకి పంపింది. ఫోను కౌంటర్ మీద పెట్టి, దాన్నే చూస్తూ నిలబడింది. పెద్దాయన కూడా చూశాడు. తలుపు దగ్గర పెనిమిటి మెడ సాచాడు.

ఫోను ఒక్కసారి వణికింది.

"అందింది. రేపు ఉదయం సగం డబ్బు పంపుతున్నాం. కోట్లు మొదలుపెట్టండి."

కత్తెరమ్మ గంతులెయ్యలేదు. గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. తర్వాత కౌంటర్ మీదుగా చెయ్యి చాపి బ్యాంకమ్మాయి ఎడమ భుజం పట్టుకుని అరంగుళం పైకి లాగింది. "ఈ కోటు ఆదివారం తీసుకురామ్మా. భుజం కూర్చోలేదు. డబ్బులొద్దు."

"అంత బాగా కనపడుతోందా?" అని సిగ్గుపడింది ఆ పిల్ల. "నాకు ఇంకొక్క చిన్న పని మిగిలింది. మీ కొత్త సంతకం ఈ ఖాతాకి ఎక్కించాను. పాతదానికి కూడా ఇదే ఎక్కించమంటారా?"

"ఎక్కించు. ఆ మామూలు ఖాతాలో ఏముందిలే, కరెంటు బిల్లులు కట్టడానికి తప్ప."

"మామూలుది కాదండీ. దాని సంతకం కాగితం కింది గదిలో ఫైళ్లలో ఉంటుంది, కంప్యూటర్లో లేదు. నేనంటున్నది మీ పాత విదేశీ ఖాతా."

"ఏ పాత విదేశీ ఖాతా?"

"ఆరేళ్ల కిందట తెరిచారు కదా! ఇందాక నేను సంతకం పోల్చి చూసింది దాంతోనే. మీరు కొత్తది అడిగితే, ఇంకో కరెన్సీకి రెండోది కాబోలనుకున్నాను." బ్యాంకమ్మాయి గొంతు తగ్గిపోయింది. "మీకు... తెలుసు కదండీ?"

కత్తెరమ్మ పెద్దాయన వైపు తిరిగింది. ఆయన నోరు తెరుచుకునే ఉంది. "నాకు తెలీదమ్మాయ్! ఒట్టు! ఆరేళ్లుగా నీకు ఖాతా ఉందా? మరి నాకెందుకు చెప్పలేదు?"

పదకొండేళ్లలో ఆయన చెప్పిన మాట కత్తెరమ్మ నమ్మడం అదే మొదటిసారి.

"ఆ సంతకం చూపించమ్మా."

బ్యాంకమ్మాయి తెరని పక్కకి తిప్పింది. పల్చటి సంతకం, కుడివైపుకి ఒరిగింది, ప్రతి గీత చివరా చిన్న కొక్కెం. కత్తెరమ్మ దాన్ని గుర్తుపట్టడానికి కన్ను ఒక్కసారి ఆర్పినంత సేపు పట్టలేదు. ముప్పై ఎనిమిది, నలభై, నలభై రెండు అని ఇస్త్రీ చేసిన కోట్లకి గుచ్చే చీటీల మీద రోజూ చూసే వాలు అది.

"ఇందులో ఏమైనా ఉందా?"

"ఉందండీ. అన్నీ చిన్న చిన్న నోట్లే, ఏడెనిమిది దేశాలవి. అన్నీ కలిపి ఒక కరెన్సీలోకి మార్చి వేసుకున్నారు. ప్రతి శుక్రవారం. మొన్న శుక్రవారం కూడా."

వెనక అడుగుల చప్పుడైంది. పెనిమిటి బల్ల మీద నుంచి లేచి, పెట్టె చంకలో పెట్టుకుని, వచ్చి పక్కన నిలబడ్డాడు. మొహం నిండా ఇస్త్రీ పెట్టె మీద నీళ్లు చల్లినట్టు చెమట.

"దాని జోలికెళ్లకు" అన్నాడు. "సంతకం మార్చకు. పేరు నీదే కానీ, అందులో డబ్బు నీది కాదు."

"మరి మీదా?"

"నాదీ కాదు. దాచిపెడతానని మాటిచ్చాను."

"ఎవరికి?"

పెనిమిటి భార్యని చూశాడు, అన్నని చూశాడు, పైకప్పు చూశాడు. పెదవులు రెండుసార్లు వేరే ఏదో పేరు చెప్పడానికి ప్రయత్నించి ఊరుకున్నాయి.

"వదినకి" అన్నాడు.

పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.